వంగకి దోమ పట్టింది

తేజశ్రీకి ప్లేట్‌లెట్లు డెబ్బై రెండు వేలకు పడ్డాయని వాసవి మెసేజ్ పెట్టిన గురువారం మధ్యాహ్నమే, నా తోట పీకేయాలన్న నోటీసు కూడా మా సొసైటీ వాట్సప్ గ్రూపులోకి వచ్చింది. రెంటికీ మధ్య పావుగంట తేడా. మొదటిది చదివి ఆసుపత్రికి బయల్దేరదామని చెప్పులు వెతుక్కుంటున్నాను. రెండోది చదివాక గడప మీదే కూర్చుండిపోయాను.

వాసవి వాళ్ళది మా పై ఇల్లు. ఒంగోలు వాళ్ళు. ఆమె నోయిడాలో ఉద్యోగం చేస్తుంది, భర్త ఆఫీసు పని మీద నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు. తేజశ్రీ ఒక్కతే కూతురు, పదమూడేళ్ళు. ఇక్కడే, ఈ వైశాలిలోనే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి వచ్చేది హిందీ. స్కూలు బస్సు దిగాక వాళ్ళమ్మ వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంటుంది. నేను పెట్టిన ఉప్మా తిని, మా వెనక వరండాలో తోట వైపు గ్రిల్లు పక్కన చాప వేసుకుని హోంవర్కు చేసుకుంటుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. నాకు పిల్లల్లేరు. ఉన్నా ఇంతకంటే ఎక్కువ ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

నోటీసు హిందీలో ఉంది. కింది అంతస్తులో ఫలానా ఫ్లాటు వాళ్ళ మొక్కల్లో దోమలు పెరుగుతున్నాయని తెలిసింది, పై ఇంటి పాపకు డెంగీ వచ్చింది, ఆదివారం పది గంటలకు పార్కులో మీటింగు, సరైన సంజాయిషీ లేకపోతే సోమవారం మొక్కలన్నీ తీయించి పొగ కొట్టిస్తాం. ఆ ఫలానా ఫ్లాటు మాది. కింద సెక్రెటరీ త్యాగీజీ పేరు.

ఎవరు చెప్పారా అని అందర్నీ అనుమానించి, చివరికి వాసవికే ఫోను చేశాను.

"కంప్లయింట్ ఇవ్వలేదాంటీ" అంది. గొంతు నీరసంగా ఉంది. "ఎక్కడన్నా నీళ్ళు నిలవున్నాయా అని త్యాగీజీ అడిగాడు. తేజూ ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి అన్నాను. మొక్కలకి మచ్ఛర్ పట్టిందని మీరే అన్నారంట గదా."

"నేనా? ఎప్పుడన్నాను?"

"వంగమొక్కల దగ్గరంట. ఆగస్టులో."

అప్పుడు గుర్తొచ్చింది. కరివేపాకు కోసం వాళ్ళమ్మ పంపితే తేజశ్రీ తోటలోకి వచ్చిన రోజు, నేను వంగ ఆకు తిరగేసి చూసి "వంగకి దోమ పట్టింది" అన్నాను. మా నాన్న సత్తెనపల్లి దగ్గర పత్తి వేసేవాడు. మా ఇంట్లో దోమ పట్టిందంటే కుట్టే దోమ కాదు, ఆకు అడుగున చేరి రసం పీల్చే తెల్లదోమ. పచ్చదోమ ఉంది. వరికి సుడిదోమ ఉంది. రైతుని ఏడిపిస్తాయి గాని ఒక్కటీ మనిషిని కుట్టదు. తేజశ్రీకి తెలిసిన దోమ ఒక్కటే, మనిషిని కుట్టే మచ్ఛర్. ఆ పిల్ల నా మాటని హిందీలోకి మార్చుకుని బుర్రలో దాచుకుంది. నెలన్నర తర్వాత అది ఇలా బయటికొచ్చింది.

ఇదంతా వాసవికి చెప్పబోయాను. "ఏమో ఆంటీ, నాకిప్పుడు ఇవేవీ బుర్రకెక్కవు" అని ఫోను పెట్టేసింది.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది, అందుకే రానిచ్చాను. కానీ సాయంత్రానికి ఆ కోపం చల్లారి, దాని అడుగున ఉన్నది తేలింది. ఒకవేళ నిజమైతే? తోట పోతే పోయింది, మళ్ళీ వేసుకోవచ్చు. ఆ పిల్ల ఒంట్లోకి జ్వరం నా మొక్కల్లోంచే పోయిందా అన్నది నాకు తేలాలి. తేలేదాకా నాకు అన్నం సహించదని తెలిసిపోయింది.

ఇక్కడ నా పిచ్చి గురించి చెప్పాలి. నాకు తోటలో తిరిగే చిన్న చిన్న ఈగల్ని ఫొటో తీసే అలవాటుంది. ఆవగింజంత ఉంటాయి, కళ్ళద్దాలు పెట్టుకుని చూసినా నలుసుల్లాగే కనిపిస్తాయి. ఫోనుకి గుండీ అంత అద్దం తగిలించి దగ్గరగా తీసి, పెద్దది చేసి చూస్తే ఒక్కొక్కటి ఒక్కో మనిషంత విచిత్రంగా ఉంటుంది. ఒకదానికి ఒళ్ళంతా పచ్చటి మెరుపు, దాన్ని పచ్చరాయి అంటాను. ఒకటి ఎప్పుడూ చేతులు నలుపుకుంటూ ఉంటుంది, అది మా పెద్దాడపడుచు. నాలుగేళ్ళలో అరవై ఒక్క రకాలు తీశాను. "ఛాయాదేవి అని పేరు పెట్టినందుకు సార్థకం చేశావు, ఈగలకి ఫొటోగ్రాఫరువయ్యావు" అంటాడు మా ఆయన రామమోహనరావు. ఎయిర్ ఫోర్సులో పాతికేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఆయన దృష్టిలో ఎగిరేవంటే విమానాలే.

ఆ అద్దం ఇచ్చింది అజయ్. వరంగల్ అబ్బాయి. సివిల్స్‌కి చదువుతూ రెండేళ్ళు మా వెనక గదిలో అద్దెకున్నాడు. ఇప్పుడు కోచింగుకు దగ్గరని రాజేందర్ నగర్‌లో ఉంటున్నాడు. వాడి ఆప్షనల్ జువాలజీ. నేను ఫొటో పంపితే వాడు పేరు చెప్తాడు. రెండు సంగతులు నాకు నూరిపోశాడు. ఒకటి, ముందు రెక్కలు లెక్కపెట్టాలి. నిజమైన ఈగ జాతికి రెక్కలు రెండే, వాటి వెనక గుండుసూది తలల్లాంటి బుడిపెలు రెండుంటాయి. నాలుగు రెక్కలుంటే జనం ఏ పేరు పెట్టి పిలిచినా అది ఈగ కాదు, దోమా కాదు. రెండు, మసకగా పడ్డదానికి పేరు పెట్టకూడదు.

తీయడం కూడా ఒక తపస్సే. తెల్లవారగానే, అవి ఇంకా చలికి మందకొడిగా ఉన్నప్పుడే వెళ్ళాలి. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని ఆ చేతి మీదే ఫోను ఆనించి, రెండు వేళ్ళ దూరం దాకా పోవాలి. ఊపిరి బిగబట్టాలి. స్పష్టంగా పడేది దారపు పోగంత మందమే, కన్ను తేటగా పడితే కాలు మసకవుతుంది. అందుకని ఒంటిని అణువంత ముందుకీ వెనక్కీ ఊపుతూ అయిదారు సార్లు నొక్కాలి. ఆరింటిలో ఒకటి కుదురుతుంది. మిగతా అయిదింటిలో ఈగ మసకై, దాని ముందున్నదో వెనకున్నదో తేటగా పడుతుంది. అవి చెత్త. ఖాళీ దొరికినప్పుడు తుడిచేస్తుంటాను.

అవి వచ్చి వాలడానికి గ్రిల్లుకు ఏడు కొబ్బరిచిప్పలు కూడా వేలాడదీశాను. లోపల పసుపురంగు పూసి నీళ్ళు పోశాను. పసుపంటే వాటికి ఇష్టం, నీళ్ళు తాగడానికి అంచున కూర్చుంటాయి. ప్రతి మంగళవారం నీళ్ళు పారబోసి, గుడ్డతో తుడిచి, కొత్తవి పోస్తాను. నిలవ నీళ్ళు ఏం చేస్తాయో నాకూ తెలుసు.

శుక్రవారం పొద్దున ఆరింటికల్లా తోటలో ఉన్నాను. ముందు చిప్పలు చూశాను. ఏడింటిలోనూ నీళ్ళు తేటగా ఉన్నాయి, ఒక్క పురుగు కూడా కదలడం లేదు. మొక్కల కింద పళ్ళేలు బోర్లించే ఉన్నాయి. గుండె కాస్త కుదుటపడింది. తర్వాత వంగ ఆకులు తిరగేసి తెల్లదోమల్ని తీశాను. కుండీ మట్టి మీద తిరిగే నల్ల నలుసుల్ని తీశాను. గోడమీద అచ్చం దోమలాగే ఉన్నది ఒకటి కనిపించింది. ముప్ఫై సార్లు నొక్కితే మూడు కుదిరాయి. అన్నీ అజయ్‌కి పంపాను.

తొమ్మిదింటికి ఫోను చేశాడు. "ఆంటీ, ఫికర్ చెయ్యకుండ్రి. వంకాయ మీదిది తెల్లదోమనే, నాలుగు రెక్కలు సాఫ్‌గ కనవడుతున్నయ్. మట్టి మీదివి కుట్టయి. గోడ మీదిది చూడనీకి దోమ లెక్కనే ఉంటది గానీ దానికి కుట్టే ముల్లు లేదు. అదెట్ల కూసుందో చూడుండ్రి, ముందటి కాళ్ళు లేపింది. దోమ అయితే ఎనక కాళ్ళు లేపి కూసుంటది."

"అంటే మా తోటలో దోమ లేనట్టేనా?"

"మీరు పంపిన ఫొటోల్ల అయితే లేదాంటీ."

వాడు జాగ్రత్తగానే అన్నాడు. నేను వినదలచుకున్నంతే విన్నాను.

మధ్యాహ్నం ప్లేట్‌లెట్లు యాభై ఒకటి. మీటింగులో చూపించడానికి పాత ఫొటోలు కూడా ఏరుతూ కూర్చున్నాను. సెప్టెంబరు నాలుగో తేదీన తీసిన పచ్చరాయి దగ్గర ఆగాను. గుంటూరులో మా చెల్లెలికి కంటి ఆపరేషనైతే వెళ్ళి మూడు వారాలుండి, తిరిగొచ్చిన మర్నాడు తీసింది. కరివేపాకు మీద పచ్చరాయి నిగనిగలాడుతూ బ్రహ్మాండంగా పడింది. దాని వెనక, ఇంకో ఆకు అంచున, ఏదో నల్లగా మసకగా ఉంది. పెద్దది చేశాను. ఇంకా మసకైంది. సన్నటి గీతలు రెండు పైకి లేచి ఉన్నాయి. కాళ్ళో, ఆకు ఈనెలో.

కాళ్ళే అయితే, వెనక కాళ్ళు.

మసకగా పడ్డదానికి పేరు పెట్టకూడదు కదా అనుకున్నాను. అజయ్ చెప్పిన మాటే. నాలుగేళ్ళలో ఆ నియమాన్ని నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ పాటించలేదు. ఆ ఫొటోని పక్కన పెట్టాను. అదే వరసలో నొక్కిన తక్కిన అయిదూ తెరవలేదు. ఇంకో పని కూడా చేయలేదు. నేను ఊళ్ళో లేని మూడు వారాలు చిప్పల్లో నీళ్ళు ఏం చేశారని మా ఆయన్ని అడగలేదు. పొద్దున్నుంచీ ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది.

శనివారం ముప్ఫై ఎనిమిది. ఆసుపత్రికి నేను వెళ్ళలేకపోయాను. ఇడ్లీలు చేసి మా ఆయన చేత పంపాను. తిరిగొచ్చి, "పిల్ల నీ గురించే అడిగింది. ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఆంటీకి కోపమొచ్చిందా అంటోంది" అన్నాడు. నేను గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు.

ఆదివారం పార్కులో పాతికమంది దాకా చేరారు. త్యాగీజీ కుర్చీలో కూర్చుని, "బోలియే ఛాయాజీ" అన్నాడు. నేను ఫొటోలన్నీ మా ఆయన టాబ్లెట్‌లోకి ఎక్కించుకుని వెళ్ళాను. వంగ ఆకు మీది తెల్లదోమని తెరనిండా పెద్దది చేసి ఆయన చేతిలో పెట్టాను. పిండి చల్లినట్టున్న తెల్లటి రెక్కలు.

"రెక్కలు లెక్కపెట్టండి" అన్నాను హిందీలో.

"ఏక్, దో, తీన్, చార్" అన్నాడు త్యాగీజీ, వేలు పెట్టి.

"మచ్ఛర్‌కి రెండే ఉంటాయి. ఇది మొక్కల రసం తాగేది. మా భాషలో దీన్ని కూడా దోమ అంటాం. పాప ఆ మాట విని మచ్ఛర్ అనుకుంది."

జనం మూగారు. టాబ్లెట్ చేతులు మారింది. "దీన్ని కూడా మచ్ఛర్ అంటారా మీ తెలుగులో?" అని ఒకావిడ నవ్వింది. చిప్పలు చూస్తామన్నారు, తీసుకెళ్ళి చూపించాను. తేటగా ఉన్న నీళ్ళలో తొంగిచూసి తలలూపారు. "ఠీక్ హై. నోటీస్ వాపస్" అన్నాడు త్యాగీజీ. అదే మాట కారణంతో సహా గ్రూపులోనూ పెట్టాడు. అంతా పావుగంటలో అయిపోయింది.

గెలిచానన్నమాట. నాకు సంతోషం కలగాలి. ఇంటికొచ్చి టాబ్లెట్‌ని బల్ల మీద బోర్లించి పెట్టాను.

పదకొండింటికి సొసైటీ గ్రూపులో వాసవి నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నొక్కితే తేజశ్రీ గొంతు. నీరసంగా, మధ్యమధ్య ఆగుతూ.

"ఆంటీ, సారీ. మైనే గలత్ సమఝా. మమ్మీ చెప్పింది, దోమ అంటే మచ్ఛర్ కాదంట. మేరీ వజహ్ సే సబ్‌నే ఆప్‌కో డాంటా. సబ్‌కో సారీ."

తను తప్పుగా అర్థం చేసుకుందట, తన వల్లే అందరూ నన్ను కోప్పడ్డారట, అందరికీ సారీ అట. ఎక్కడా తెలుగు మాట్లాడని పిల్ల, నా కోసం మధ్యలో ఒక ముక్క తెలుగులో చెప్పింది. ఆ పొద్దున దాని ప్లేట్‌లెట్లు ఇరవై తొమ్మిది వేలు. గ్రూపులో అందరూ పువ్వులూ నమస్కారాలూ పెడుతున్నారు. నాకు సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవండీ, నేను గుంటూరు వెళ్ళినప్పుడు చిప్పల్లో నీళ్ళు ఏం చేశారు?"

"చూసుకోమన్నావుగా. చూసుకున్నాను."

"అంటే?"

"ఎండిపోకుండా రోజూ పోశాను. ఒక్కరోజు కూడా మానలేదు" అన్నాడు. ఆ గొంతులో గర్వం ఉంది. డ్యూటీ అప్పజెబితే తు.చ. తప్పకుండా చేసే మనిషి.

"పారబోశారా ఎప్పుడైనా?"

"పారబొయ్యమని చెప్పావా?"

చెప్పలేదు. ఆటో ఎక్కుతూ "చిప్పల్లో నీళ్ళు చూసుకోండి" అన్నాను, అంతే. నేను తిరిగొచ్చాక నిండుగా ఉన్న చిప్పల్ని చూసి మెచ్చుకున్నాను కూడా. ప్రయాణపు బడలికలో, వాటిని మళ్ళీ పారబోసింది తర్వాతి మంగళవారం, తొమ్మిదో తేదీన. కళ్ళద్దాలు లేకుండా, సందె వేళ, మొక్కల మొదట్లోకి ఒంపేశాను. అందులో ఏమున్నాయో చూడలేదు.

ఫోను తీసి సెప్టెంబరు నాలుగుకి వెళ్ళాను. పచ్చరాయి ఫొటోలు ఆరు. మొదటిదాంట్లో ఈగ తేటగా ఉంది, దాన్నే శుక్రవారం చూశాను. రెండు, మూడు మసక. నాలుగోదాంట్లో ఆకు అంచు తేటపడింది. అయిదోదాంట్లో, ఒళ్ళు ముందుకి ఎక్కువ ఊగినట్టుంది, పచ్చరాయి పచ్చటి మరకైపోయి వెనకున్నది సూదిలా తేలింది. నల్లటి ఒళ్ళు. కాళ్ళకు కడియాలు వేసినట్టు తెల్లటి చారలు. వీపు మీద తెల్లటి గీతలు. వెనక కాళ్ళు రెండూ ఎత్తి కూర్చుని ఉంది. నేను నాలుగేళ్ళలో తీసిన వాటిల్లోకెల్లా అంత తేటగా వచ్చింది ఇంకోటి లేదు.

అజయ్‌కి పంపి, వెంటనే ఫోను చేశాను.

"ఏడీస్ ఆంటీ" అన్నాడు మెల్లగా. "డెంగీ దోమ. యాడ తీసిన్రు?"

"మా కరివేపాకు మీద. నాలుగో తేదీన." చిప్పల సంగతంతా చెప్పాను. "దీనివల్లే వచ్చిందంటావా?"

"గట్ల చెప్పలేం ఆంటీ. పక్కోళ్ళ కూలర్ల పుట్టింది కుట్టి ఉండొచ్చు, స్కూల్ల కుట్టి ఉండొచ్చు. ఫొటో చూసి దోమ పేరు చెప్తం గానీ, ఎవరిని కుట్టిందో ఎట్ల చెప్తం."

"తేదీలు సరిపోతాయా? అది చెప్పు."

వాడి వెనక ఎవరో పాఠం గట్టిగా చదువుకుంటున్నారు.

"సరిపోతయ్" అన్నాడు.

ఫోను పెట్టేసి వరండాలోకి వెళ్ళాను. తేజశ్రీ చాప గోడకి ఆనించి ఉంది. చాపకీ చిప్పలకీ మధ్య దూరం మూడడుగులు. ఏడు చిప్పలూ తీసి నేలకేసి కొట్టాను. రెండు పగలకపోతే కాలితో తొక్కాను. చప్పుడుకి మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నా చేతిలోని ఫోను తీసుకుని చూశాడు. ఆ ఫొటోలో ఉన్నదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ బొమ్మ ప్రతి ఆసుపత్రి గోడ మీదా ఉంటుంది. పాపం ఆయన మొహం పాలిపోయింది. "నేను రోజూ పోశానే ఛాయా" అన్నాడు, ఈసారి ఇంకో గొంతుతో. "మీ తప్పు కాదు, నేను సరిగా చెప్పలేదు" అన్నాను. తప్పు ఇద్దరిదీ అని ఇద్దరికీ తెలుసు.

ఈ సంగతి ఎవరికీ తెలియాల్సిన పని లేదు అనుకున్నాను, ఆ మాట కూడా దాచను. నోటీసు వాపసైంది. ఫొటో ఒక్క వేలితో తుడిచేయొచ్చు. అజయ్ ఎవరికీ చెప్పడు. ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ, నాలుగు సిగ్నళ్ళ దగ్గరా, ఇదే అనుకుంటూ ఉన్నాను. దిగిపోయి మెట్రో ఎక్కి ఇంటికి పోదామని కూడా అనుకున్నాను. తల్లీకూతుళ్ళు మా ఇంటికి రావడం మానేస్తే సాయంత్రాలు ఎలా గడుస్తాయో తలచుకుంటే భయమేసింది. ఆ పిల్లకు ఏమైనా అయితే అన్న ఆలోచన వచ్చేది. దాన్ని మాత్రం పూర్తిగా రానివ్వలేదు.

వాసవి వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మూడు రోజుల్లో కళ్ళు గుంటలు పడ్డాయి. నన్ను చూడగానే లేచింది.

"ఆంటీ, సారీ అండీ. నేను ఆలోచించకుండా..."

"కూర్చో వాసవీ. ముందు ఇది చూడు."

ఫొటో చూపించాను. ఎప్పుడు తీశానో, చిప్పలూ, మూడు వారాలూ, రోజూ పోసిన నీళ్ళూ, శుక్రవారమే మసకగా చూసి పక్కన పెట్టడమూ, ఏదీ వదలకుండా చెప్పాను. అజయ్ అన్న కూలర్ల మాట, స్కూలు మాట చెప్పలేదు. అవి నేను చెప్పుకోవలసినవి కావు. వాసవి ఫొటో వంకే చూస్తూ వింది. ఆమె ఏడుస్తుందనీ తిడుతుందనీ అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

నర్సు వచ్చి ఏదో చీటీ ఇచ్చి వెళ్ళింది. వాసవి దాన్ని చూసి మడిచి పర్సులో పెట్టుకుంది.

"ముప్ఫై ఒకటి" అంది. పెరిగిందని సంతోషించాలో, ఇంకా అంతే ఉందని భయపడాలో ఆమెకే తెలియనట్టుంది. తర్వాత నా మొహం చూడకుండానే అంది. "నాకు చెప్పి ఏం లాభం ఆంటీ. మూడు రోజుల్నుంచీ 'నేను గలత్ బోలీ, ఆంటీ మీద నింద వేశాను' అని తేజూది అదే ఏడుపు. నేనే దానిచేత సారీ చెప్పించాను. లోపలికెళ్ళి దానికి చెప్పండి."

మంచం మీద తేజశ్రీ సన్నగా, పెదవులు ఎండిపోయి ఉంది. చేతికి సూది. నన్ను చూసి లేవబోయింది.

"ఆంటీ, ఆప్ గుస్సా హో?"

"కోపం లేదమ్మా." నేను మంచం పక్కన కూర్చున్నాను. ఫోను దాని చేతికిచ్చాను. "రెక్కలు లెక్కపెట్టు."

అలవాటైన పనే. రెండు వేళ్ళతో పెద్దది చేసి, కళ్ళు చిట్లించి చూసింది.

"దో. ఓన్లీ టూ." తర్వాత కాళ్ళు చూసింది. తెల్లటి చారలు చూసింది. స్కూల్లో వాళ్ళకూ చెప్తారు. "ఏ తో వహీ హై ఆంటీ. డెంగూ వాలా. కహాఁ లియా?"

"మన ఇంట్లోనే తీశాను. కరివేపాకు మీద. నువ్వు కూర్చునే చోటుకి పక్కనే. నేను చూసుకోలేదు. నా చిప్పల్లో పుట్టింది." మంచానికి ఇంకా దగ్గరగా జరిగాను. "నీది తప్పు కాదు తేజూ. మా తోటలో మచ్ఛర్ ఉందన్నావు. ఉంది. నువ్వు చెప్పింది కరెక్టే."

ఆ పిల్ల నా వంక, ఫొటో వంక మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. కోప్పడలేదు. ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"అయితే ఆంటీ" అంది తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "నా సారీ వాపస్ తీసుకోవచ్చా?"

"తీసుకో తల్లీ" అన్నాను.

గుమ్మం దగ్గర వాసవి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. నేను ఫోను తీసుకుని సొసైటీ గ్రూపు తెరిచాను. పువ్వులూ నమస్కారాలూ ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటన్నిటి కింద ఆ ఫొటో పెట్టాను. మా ఫ్లాటు నంబరు రాసి, తారీఖు రాసి, పక్కన హిందీలో మచ్ఛర్ అని రాశాను. ఆ మాట రెండుసార్లు తప్పుపడింది. మూడోసారి తేజశ్రీ నా చేతిలోంచి ఫోను తీసుకుని దిద్ది పంపింది.